పేరు వరుస, తేదీ వరుస

కంప్యూటరు లెక్కలో పది, రెండు కన్నా ముందొస్తుంది. ఈ రహస్యం ప్రేమ్ బజార్ మొత్తానికి నాకొక్కడికే తెలుసని కొన్నేళ్లు మీసం మెలేసుకు తిరిగాను. మీసం సరిగ్గా మొలవలేదు గాని, గర్వానికి మీసంతో పనేముంది.

తొంభైల చివరి సంవత్సరాలవి. మాది బెంగాల్లో ఒక రైల్వే ఊరు. ఇంజనీరింగు కాలేజీ గేటుకు ఎదురుగా, ఫొటో స్టూడియోకీ రొట్టెల హోటలుకీ మధ్య ఇరుకు గదిలో నా టైపింగు దుకాణం. ఒక కంప్యూటరు, గరగరలాడే ప్రింటరు, రెండు కుర్చీలు. పరిశోధన చేసే కుర్రాళ్లు సైకిళ్ల మీద ఫ్లాపీలు పట్టుకొచ్చేవాళ్లు. అధ్యాయాలకు వాళ్లు పెట్టే పేర్లు 1, 2, 3. తొమ్మిది దాకా అంతా సవ్యం. పదోది రాగానే అది వరుసలో పైకెక్కి కూర్చునేది, ఇక గోల.

"దాదా, దస్ నంబర్ ఊపర్ కైసే చలా గయా?"

అప్పుడు నేను కుర్చీలో వెనక్కి వాలి పాఠం మొదలుపెట్టేవాణ్ణి. బాబూ, నీకు పది అంటే పది. యంత్రానికి పది అంటే ఒక ఒకటి, దాని పక్కన ఒక సున్నా. అది మొదటి గుర్తును మొదటి గుర్తుతోనే పోలుస్తుంది. ఒకటి రెండు కన్నా చిన్నది, తీర్పు అయిపోయింది, వెనక సున్నా ఉందా కొండ ఉందా అని చూడదు. అందుకని ముందే 01, 02 అని పెట్టుకో. ఇంకా పైకెక్కాలంటే పేరుకు ముందు ఆశ్చర్యార్థకం తగిలించు. ముందు గుర్తులు, తర్వాత అంకెలు, ఆ తర్వాతే అక్షరాలు. టికెట్ల కిటికీ దగ్గరా అంతే కదా, కేకలేసేవాడు ముందు, నంబరున్నవాడు తర్వాత, పేరున్న పెద్దమనిషి ఆఖరున. ఈ పాఠం రెండు కాపీలు అచ్చు వేయించుకునేవాళ్లకే ఉచితం. ఒక కాపీవాళ్లు పదిని చేత్తో కిందికి సర్దుకోవాల్సిందే.

మా చెల్లికి చేరాల్సిన ఒక్క మాట చేరకపోవడానికి ఇంత తెలిసిన నేనే కారణం. అది ఎలా జరిగిందో రాయడానికి కూర్చున్నాను.

మా నాన్నకు పూరీ గేట్‌లో కిరాణా కొట్టు. రైల్వే వర్క్‌షాపు పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లకు చింతపండూ ఉప్పుడు బియ్యమూ అమ్మడానికి తాత పెట్టింది. నాన్న డబ్బాతో బియ్యం కొలిచి పోసేటప్పుడు మొదటి డబ్బాకు ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. ఏడు అంటే కొట్లోకి ఏడుపు వస్తుందని ఆ అంకె ఆయన నోట వచ్చేది కాదు. బేరం చేసే ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. చెల్లీ నేనూ బడిలో ఆరున్నొకట్ల ఎక్కం అప్పజెప్పి తన్నులు తిన్నవాళ్లమే.

చెల్లి తనకు నచ్చినవాణ్ణి చేసుకుంది. అతనిది మా ఊళ్లోనే ఎప్పటినుంచో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబం. మూడు తరాలుగా రైల్వే జీతమే, తక్కెడ ముట్టని ఇల్లు. అతని ఉద్యోగం ఒడిశా వైపు ఇంకో రైల్వే ఊళ్లో, ఆఫీసులో గుమాస్తాగా. పెళ్లి కబురు తెలిసిన రోజు నాన్న కొట్లో నలుగురు కొనుగోలుదార్ల ముందు నిలబడి రెండు ఒట్లు వేశాడు.

"దానికి కాయితం ముక్క రాయను. నా గొంతు దాని సెవిన పడదు."

నలుగురిలో చెప్పిన రేటు మార్చడం మా వంశంలో లేదు. నాలుగేళ్లు గడిచాయి. చెల్లికి ఒక పాప పుట్టింది. నాకు ఉత్తరాలు రాసేది, నేను కార్డు ముక్క మీద జవాబు రాసేవాణ్ణి. నాన్నకు గుండె బలహీనపడిందని, మూటలు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడని రాస్తే, దాని దగ్గర్నుంచి రెండే వాక్యాలు వచ్చాయి. "ఆయన రమ్మంటే ఆ రోజే బయల్దేరతాను. నువ్వు రమ్మంటే కాదు, ఆయనే అనాల." కిరాణా కొట్టు పిల్లే మరి. సగం బేరానికి దిగదు.

అమ్మ అప్పటికే లేదు. పూరీ గేట్ కొట్టుకు తాళం వేసి, మలంచాలో నేనుండే ఇంటికి నాన్నను తెచ్చుకున్నాను. పగలు ఒక్కణ్ణీ వదల్లేక రిక్షాలో దుకాణానికి తీసుకుపోయేవాణ్ణి. రెండో కుర్చీ ఆయనది. వచ్చిన కుర్రాళ్లందర్నీ బెంగాలీలో పలకరించేవాడు, నేను చెప్పిన ధర ఎక్కువైందని వాళ్ల తరఫున నాతో బేరమాడేవాడు.

ఒకరోజు ఫ్లాపీని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇది కాయితం కాదు కదరా."

"కాదు నాన్నా."

"గొంతూ కాదు."

"కాదు."

"నల్లగా సదరంగా ఉంది. పలకలాగుంది. పలక మీద రాయనని నాను ఎప్పుడూ అన్లేదు."

నాకు నవ్వొచ్చింది. ఆ సందు ఆయన ఎన్ని రోజులనుంచి వెతుకుతున్నాడో అనిపించింది. వెంటనే తెర మీద కొత్త కాగితం తెరిచాను. అప్పట్లో నా దగ్గర తెలుగు అక్షరాలు లేవు, తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఆయన చెప్పడం, నేను కొట్టడం. మొదటి ఉత్తరం ఇది:

"నువ్వు నా గడప తొక్కొద్దు. నాను సచ్చినానని తెలిసినా రావొద్దు. ఇది నా ఆకరి మాట."

చేతులు ఆపి ఆయన వైపు చూశాను. "ఇది పంపుతావేటి నాన్నా?"

"ముందు రేటు సెప్పకుండా తగ్గించడం ఎలాగరా? కొట్టు మీద పుట్టినావు, ఆమాత్రం తెల్దేటి?"

"మరి రేపటికి తగ్గిస్తావా?"

"రేపు సంగతి రేపు. అన్నీ అయినాక ఒక్కపాలే పంపు. సరుకు ముక్కలు ముక్కలుగా పంపితే కొన్నోడు మొదటి ముక్క సూసి ఎల్లిపోతాడు. ఇంకోటి. నువ్వు మద్దిలో దలాలీ సెయ్యకు. నా మాట నాదే ఎల్లాల."

ఫైలుకు పేరు అడిగింది యంత్రం. 1 అని కొట్టాను. నాన్న ముందుకు వంగాడు.

"ఏటి ఎట్టినావు?"

"ఒకటి."

"ఒకటేటిరా దరిద్రుడా. లాభం అని ఎట్టు."

labham అని పెట్టాను. మర్నాడు 2, ఆ మర్నాడు 3. రోజుకొకటి చెప్పేవాడు, ఓపిక లేని రోజు కుర్చీలో కునికేవాడు. రెండో దాంట్లో చెల్లి పెళ్లికి కట్టుకున్న చీర రంగు మీద తగాదా. మూడులో అల్లుడి మీద నాలుగు మాటలు. అయిదులో, చిన్నప్పుడు దానికి జ్వరం వస్తే రెండ్రోజులు కొట్టు తెరవని సంగతి. ఆ సంగతి అప్పటిదాకా నాకే తెలియదు. ఆరులో మొదటిసారి పాప గురించి అడిగాడు, నడుస్తోందా అని. ఆ తర్వాతి దానికి ఏం పేరు పెట్టాలో ఆయన చెప్పకముందే నాకు తెలుసు. 6+1 అని కొడితే యంత్రం కిక్కురుమనకుండా తీసుకుంది.

"సూసినావా," అన్నాడు నాన్న, "దీనికీ యాపారం తెలుసు."

పదకొండో దాన్ని చెప్పడానికి పొద్దంతా పట్టింది. ఒక మాట చెబుతాడు, కొట్టేయమంటాడు. చివరకు మిగిలింది ఇది:

"గుంటా, రా. పిల్లని తే. అల్లుడికి సెలవుంటే ఆయన్నీ తే. నాను టేషన్‌కి రాలేను. గుమ్మం కాడ కూకుంటాను."

ఇక చాలు, పంపమన్నాడు.

నా దుకాణానికి టైపు పనికొచ్చే ఒక రైల్వే గార్డు ఆ లైన్లోనే డ్యూటీ చేసేవాడు. అల్లుడి ఆఫీసులో కంప్యూటరుందని చెల్లి ఎప్పుడో రాసింది కనుక ఫ్లాపీ నేరుగా చెల్లి భర్త చేతికే అందేలా ఏర్పాటు చేశాను. మొదటి ఉత్తరం తీసేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను. తీయలేదు. మొదట చెప్పిన రేటు ఎంతో చూస్తేనే కదా ఎంత తగ్గాడో తెలిసేది. ముసలాయన ఎక్కడ మొదలై ఎక్కడికి దిగొచ్చాడో చెల్లి చూడాలి. ఇది నా తెలివి. ఆఫీసులో అతనికి తీరిక ఉంటుందో ఉండదో అని ఒక చీటీ కూడా అతికించాను. "ఇందులో నాన్న ఉత్తరాలు ఉన్నాయి. టైము లేకపోతే ఆఖరుది ముందు చదవండి." ఇది నా రెండో తెలివి.

నా యంత్రంలో ఆ పదకొండూ తేదీ వరుసలో కనిపించేవి. నా పని ఫైళ్లన్నిటినీ నేను అలాగే పెట్టుకునేవాణ్ణి, ఏ రోజు పని ఆ రోజు కింద చేరేలా. అక్కడ ఆఖరున ఉన్నది 11. అదే చూసుకుని చీటీ రాశాను. ఫైళ్లు ఫ్లాపీతో పోతాయి గాని, వాటిని నేను నిలబెట్టిన వరుస పోదు. అవతలి యంత్రం తన పద్ధతిలో, పేర్లను బట్టి నిలబెడుతుంది. ఊరందరికీ అమ్మిన పాఠమే ఇది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాలేదు.

ఫ్లాపీ అందిందని గార్డు తిరుగు డ్యూటీలో చెప్పాడు. ఆ మర్నాటి నుంచి నాన్న దుకాణానికి రావడం మానేశాడు. మలంచా ఇంటి గుమ్మం పక్కన కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. రోడ్డు మీద ఆటో ఆగితే తల తిప్పి చూసేవాడు. దిగింది మరెవరో అయితే, ఆటోవాడు ఎంత అడిగాడో వినడానికే తల తిప్పినట్టు, "దోచేస్తన్నారు" అని గొణిగేవాడు.

వారం గడిచింది. ఫోను బూతు నా దుకాణానికి మూడు గుమ్మాల అవతలే. వాళ్ల పక్కింటి నంబరు నా దగ్గరుంది.

"నాన్నా, ఒకసారి ఫోను చేసి కనుక్కుంటాను."

"ఒద్దు. రేటు సెప్పినాక నోరు మూసుకోవాల. ముందు మాటాడినోడు పోయినట్టే. ఎన్నిపాలు సెప్పినాను నీకు?"

ఎన్నిసార్లో చెప్పాడు. అదే సూత్రం మీద నేను కంప్యూటరు కొన్నాను, గది అద్దె తగ్గించుకున్నాను. ధర చెప్పి ఊరుకుంటే అవతలివాడు తనంతట తానే దిగొస్తాడు. కాబట్టి ఊరుకున్నాను. ఆయన ఒట్టు ఆయనది, నా చేతుల్ని ఎవరూ కట్టేయలేదు. బూతు ముందునుంచి రోజుకు నాలుగుసార్లు నడిచాను.

మూడో వారంలో ఒక సాయంత్రం అడిగాడు. "పలక అందిందంటావేటి?"

"అందింది నాన్నా. చేతికిచ్చానని గార్డు చెప్పాడు కదా."

"అయితే సదివే ఉంటాది." రోడ్డు వైపు చూస్తూ, "మొండిది. నా రక్తమే కదా," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. బేరంలో తనకన్నా గట్టిదాన్ని చూసి మెచ్చుకున్నట్టే అన్నాడు. అది నాకింకా కష్టంగా ఉంది.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికి వచ్చేసరికి ఆ కుర్చీలోనే పోయి ఉన్నాడు. ముఖం రోడ్డు వైపే ఉంది.

అప్పుడు పరుగెత్తాను ఫోను బూతుకి. చెల్లీ, భర్తా, పాపా మర్నాడు పొద్దున్న బండికి దిగారు. ఆయన రమ్మనకపోయినా వచ్చేశానని చెల్లి గుమ్మంలో ఎవరితోనో అంటోంటే, దుఃఖంలో ఏదో అంటోందనుకున్నాను. దహనం అయింది. మూడో రోజు వంటింట్లో నాకు టీ గ్లాసు ఇస్తూ, నా ముఖం చూడకుండా అడిగింది.

"ఆఖరికి కూడా రమ్మన్లేదేటి అన్నియ్యా?"

"రమ్మన్నాడు కదే. నువ్వే రాలేదు."

"నన్నా? ఎప్పుడు?"

"పదకొండు ఉత్తరాలు పంపితే ఎప్పుడంటావేటి?"

"ఏ ఉత్తరాలు?"

గుమ్మం దగ్గర పాపనెత్తుకుని నిలబడ్డ చెల్లి భర్త ముఖంలో రంగు పోయింది. పాపను నెమ్మదిగా దింపాడు. సంచిలోంచి, మడిచిన చొక్కా లోపలినుంచి ఫ్లాపీ తీశాడు. నా చీటీ ఇంకా దానికి అతుక్కునే ఉంది.

"చూపించలేకపోయానండి బావగారూ," అన్నాడు. "మీరు ఆఖరుది ముందు చదవమన్నారు. చదివాను. అది చదివాక తనకి చూపించడానికి మనసొప్పలేదు."

పాపను పక్కింట్లో వదిలి ముగ్గురం ప్రేమ్ బజార్‌కి వెళ్లాం. దుకాణం తలుపు తీసి యంత్రం పెట్టాను. ఫ్లాపీ తెరుచుకుంది. తేదీ వరుస నేను పెట్టుకున్నది నా పని ఫైళ్లకే గనుక, ఇక్కడా పేర్ల వరుసే తెర మీదికి వచ్చింది. పైన 10, దాని కింద 11. తర్వాత 2, 3, 4, 5, 6, 6+1, 8, 9. అంకెలన్నీ అయిపోయాక అన్నిటికన్నా కింద labham.

అతను చెప్పకముందే నాకు అర్థమైంది.

"ఆఫీసరు గదిలో మిషనండి," అన్నాడతను. "ఆయన భోజనానికెళ్లినప్పుడు అయిదు నిమిషాలు అడుక్కుని కూర్చున్నాను. ఆఖరున ఇదుంది. అంకెలున్నవన్నీ చిత్తు ప్రతులు, చివరికి తేల్చిన సారం దీంట్లో పెట్టి లాభం అని పేరు పెట్టారనుకున్నాను. తెరిస్తే ఇదే నా ఆఖరి మాట అని ఉంది. ఇక మిగతావి చదివి ఏం లాభం అనుకుని మూసేశాను."

"లాభం అంటే మొదటిది," అంది చెల్లి. గొంతు చాలా చిన్నగా ఉంది. "మా ఇంట్లో లాభం అంటే ఒకటి."

"నాకెలా తెలుస్తుందే? మా ఇంట్లో బియ్యం ఎవరు కొలిచారు?"

అది తగువు మాట కాదు. నిజంగానే అడిగాడు.

నేను 11 తెరిచి కుర్చీలోంచి లేచాను. చెల్లి కూర్చుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న నాన్న మాటల్ని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. అయిదు వాక్యాలకు అంతసేపు పడుతుందా అనిపించింది. అతను బయటికెళ్లి రోడ్డు అవతల కాలేజీ గోడ పక్కన ఎండలో నిలబడ్డాడు.

"గుమ్మం కాడ కూకున్నాడా?" అంది.

"ఆఁ."

"ఎన్నాళ్లు?"

"ఇరవై రోజులు పైనే."

తల ఊపింది. ఇక దాచుకోవడానికి నాకేమీ మిగల్లేదు. తప్పంతా నాదేనని మొదలుపెట్టాను. మొదటిది తీసేయాల్సింది, చీటీ అలా రాయకుండా ఉండాల్సింది, ఒక్క ఫోను చేయాల్సింది. నీ మొగుడిది ఏ తప్పూ లేదు, అతను నీ మంచికే దాచాడు. చెబుతూ ఉంటే నాకే అనుమానం వచ్చింది, తప్పు ఒప్పుకోవడంలో కూడా ఎంతకు తెగుతుందో చూసుకుంటున్నానేమోనని.

చెల్లి తెర మీదనుంచి కళ్లు తిప్పలేదు.

"ఆయన తప్పు లేదంటావు. నాన్న రమ్మన్నాడు. నువ్వు పంపినావు. మిషను దాని పని అది చేసింది. అందరూ మంచోళ్లే అయితే నాను ఎవర్ని తిట్టుకోవాల అన్నియ్యా?"

"నన్ను తిట్టు."

"నిన్ను తిడితే నువ్వు సుఖపడిపోతావు. తిట్టను."

నిజమే. దాని బేరం ఎప్పుడూ నాకన్నా గట్టిదే.

కాసేపటికి, అన్నీ అచ్చు వేసివ్వమంది. మొదటిది వద్దులే, తీసేస్తాను అన్నాను.

"ఎందుకు తీసేస్తావు? తిట్టినా నన్నే కదా తిట్టినాడు. నాలుగేళ్ల తర్వాత నాతో మాటాడిన మొదటి మాట అది. ఎలా సెప్పినాడో అలాగే వెయ్యి, ఆ వరుసలోనే."

ప్రింటరులో మడతల కాగితం ఎక్కించాను. ఒక పేజీకి ఇంకో పేజీ అంటుకుని, తెంచితే గాని విడిపోని తెల్లకాగితపు పొడుగాటి తాడు అది. labham మొదలుపెట్టాను, తర్వాత 2. సూది తల అటూ ఇటూ గరగరమంటూ తిరుగుతోంది. చెల్లి ప్రింటరు పక్కకొచ్చి నిలబడి, వస్తున్న కాగితాన్ని నేల తగలకుండా రెండు చేతులతో అందుకుంటూ ఉంది. ఆరు దాటింది, 6+1 వచ్చింది. దాన్ని చదివి పక్కకు తిరిగి నిలబడింది. కాగితం దాని చేతుల్లోంచి జారి నేలమీద మడతలు పడింది. వంగి ఎత్తుకుంది. బయట అతను ఇంకా ఎండలోనే ఉన్నాడు.

పదకొండోది అయిపోయాక, అలవాటు కొద్దీ పేజీలు విడదీయడానికి చేయి చాపాను.

"తెంచకు," అంది.

"విడిగా ఉంటే చదవడానికి వీలుగా ఉంటాదే."

"తెంచకు అన్నియ్యా. మళ్లీ ఏది ముందో ఏది ఎనకో నాను ఎవర్నీ అడగలేను."

పదకొండు ఉత్తరాలనూ ఒక్క ముక్కగానే, ఎక్కడి మడత అక్కడ పడేలా ఒద్దికగా మడుచుకుంది. పైట కొంగులో చుట్టుకుని, రోడ్డు దాటి, గోడ పక్కన నిలబడ్డ భర్త దగ్గరికి వెళ్లింది. అతనితో ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఆ కాగితాల కట్ట అతని చేతికిచ్చి, పై మడత తనే విప్పింది.